నర్సమ్మ మనవరాలు సునౌలీ దాటిన ఏడాది

మొన్న ఆదివారం ఇద్దరు అమ్మాయిలు చందానగర్‌లో మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ సోషల్ వర్క్ చదివారు. వచ్చే నెల మహిళా పోలీసు స్టేషన్‌లో కౌన్సెలర్లుగా చేరుతున్నారు. అదే ఉద్యోగం నేను ఇరవై ఆరేళ్లు చేశాను. మొదట నగరం మధ్యలో, ఆ తరువాత రిటైరయ్యేదాకా ఈ ఐటీ కారిడార్‌లో. ఏ చట్టాలు బాగా చదువుకోవాలి, రిజిస్టర్లు ఎలా రాయాలి అని అడిగారు. అవి చేరిన మొదటి నెలలో ఎవరో ఒకరు నేర్పుతారు. నేర్పనివి వేరే ఉన్నాయి. టీ తాగుతూ చెప్పబోయాను కానీ అంతసేపట్లో తేలే సంగతులు కావవి. అందుకని కూర్చుని రాస్తున్నాను.

మా గది

స్టేషన్‌లో మెట్ల పక్కన ఒక గది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, బయట వరండాలో ఒక పొడవాటి బెంచీ. ఆ బెంచీ మీద మెడలో ఐడీ కార్డు వేసుకున్న సాఫ్ట్‌వేర్ అమ్మాయి, ఆమె ఆఫీసులోనే నేల తుడిచే ఆమె పక్కపక్కనే కూర్చుని ఉండేవారు. ఒకరినొకరు గుర్తుపట్టినా పట్టనట్టే ఉండేవారు. చదువుకున్న భార్యాభర్తలు గొడవంతా ఇంగ్లిషులో చెప్పేవారు. ఏడుపు వచ్చేసరికి తెలుగులోకి దిగేవారు. అక్కడి నుంచి అసలు మాట మొదలయ్యేది.

నేను తెనాలి ప్రాంతం నుంచి వచ్చినదాన్ని. మొదట్లో ఇక్కడి మాట నాకు సగమే అర్థమయ్యేది. ఆ మాటతో పాటు పని కూడా నేర్పిన మనిషి ఇన్‌స్పెక్టర్ యాదగిరి గారు. నల్లగొండ జిల్లా ఆయన. గొంతు పెంచగా నేను వినలేదు. అంతకు ముందున్న ఒక అధికారికి నెలాఖరుకు ఎన్ని జంటలు రాజీపడ్డాయో తెలిస్తే చాలు. యాదగిరి గారు అది ఎప్పుడూ అడగలేదు. పిల్లలున్న కేసు వస్తే మాత్రం, "మేడమ్, పిల్ల ఏం తింటది, ఎక్కడ పండుకుంటది, జడ ఎవరేస్తరు, ముందుగాల ఇవి అడుగుండ్రి. చట్టం ఎటూ పోదు" అనేవారు.

విని తల ఊపేదాన్ని. అడిగేదాన్ని కూడా. అడగకుండా తొందరపడిన ఒక రోజు గురించే ఇప్పుడు చెబుతున్నాను.

నర్సమ్మ వచ్చిన రోజు

ఎనిమిదేళ్ల కిందట, ఎండాకాలం. మధ్యాహ్నం ఒకామె నీలం రంగు హౌస్‌కీపింగ్ యూనిఫాంలోనే, డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. పేరు నర్సమ్మ. యాభై దాటి ఉంటాయి. నాగర్‌కర్నూల్ వైపు ఊరు. భర్త లేడు. హైటెక్ సిటీలో ఒక పెద్ద ఆఫీసు భవనంలో పని. ఉండేది గోపన్‌పల్లిలో, ఒకే గది.

ఆమె కూతురు సుజాత ఒక లేడీస్ హాస్టల్లో పనిచేసేది. ఆ హాస్టల్ మెస్సులో వంటవాడు కేశవ్. నేపాల్ మనిషి, పాల్పా కొండల వైపు వాడు. ఇద్దరూ ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. పాప పుట్టింది. పేరు అంజలి. తల్లీకూతుళ్లూ అల్లుడూ పాపా ఆ గోపన్‌పల్లి గదిలోనే ఉండేవారు. అంతకు ముందు ఏడు వానాకాలంలో సుజాత డెంగీతో చనిపోయింది.

"పిల్లను లింగంపల్లికి తోల్కపోయి చెప్పులు కొనిస్త అన్నడు మా అల్లుడు, మేడమ్. పొద్దు గూకినా రాలే. తెల్లారి ఫోన్ చేసిండు. రైల్ల ఉన్నం, గోరఖ్‌పూర్ పోతున్నం అన్నడు. మల్ల రెండొద్దులకు చేసిండు. బార్డర్ దాటినం, ఇంటికి చేరినం అన్నడు. గంతే."

నేను రాసుకుంటున్నాను. పాపకు ఆరేళ్లు. తండ్రి తీసుకుపోయాడు. దేశం దాటాడు. అమ్మమ్మకు చెప్పలేదు.

"ఆడ చలి ఉంటదంట. దానికి స్వెట్టర్ లేదు" అంది నర్సమ్మ. "కుడి చెవిల నుంచి చీము కారుతది. దవాఖానకు తోల్కపోతున్న, ఇంక తగ్గలే. ఆడ మాట్లాడేది దానికి రాదు మేడమ్. ఆకలైతే ఏమని అడుగుతది?"

ఆ చివరి మాట నన్ను కదిలించేసింది. కదిలిపోవడం తప్పు కాదు. కదిలిన చేత్తోనే ఫోన్ తీయడం తప్పు. కేశవ్ నంబరు తీసుకుని అప్పటికప్పుడు కలిపాను. ఎత్తాడు.

"మహిళా స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాను. పాపను ఎవరినడిగి తీసుకెళ్లావు? వారంలో తిరిగి తీసుకురాకపోతే కిడ్నాప్ కేసు పెడతాం. బోర్డర్ దగ్గరే పట్టుకుంటారు."

"పోలీసా మేడమ్?" అన్నాడు.

"అవును" అన్నాను.

నేను పోలీసును కాను. కన్నతండ్రి తన బిడ్డను తన ఇంటికి తీసుకెళితే కిడ్నాప్ కేసు నిలవదని కూడా నాకు తెలుసు. తెలిసే బెదిరించాను. ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్. మూడో రోజుకు ఆ నంబరే లేదంది.

యాదగిరి గారికి చెప్పినప్పుడు తిడతారనుకున్నాను. ఆయన తిట్టలేదు. "పొద్దున దాంక ఆ పిల్ల ఒక ఫోను దూరంల ఉండె మేడమ్. ఇప్పుడు ఎంత దూరంల ఉన్నదో మనకు తెల్వది" అన్నారు. ఇరవై ఆరేళ్లలో నేను తిన్న దెబ్బల్లో అంతకన్నా గట్టిది లేదు.

తరువాత ఆయనే నర్సమ్మను కూర్చోబెట్టి అడిగారు.

"తల్లి పోయినంక పిల్లకు జడ ఎవరేస్తుండ్రి?"

నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాడే ఏస్తుండె సార్."

"అన్నం?"

"వాడే పెడుతుండె. నేను పొద్దుగాల ఐదింటికే డ్యూటీకి పోత."

"మరి అట్లాంటోడు చెప్పకుండ ఎందుకు పోయిండు? ఏమన్న లొల్లి అయిందా?"

ఆమె నేల చూస్తూ చెప్పింది. "నేనే అన్న సార్. నా బిడ్డను నువ్వే మింగినవ్ అన్న. జరం అని ముందుగాలనే దవాఖానకు ఎందుకు తోల్కపోలే అని అడిగిన. నీ దేశం నువ్వు పో, పిల్లను పెట్టి పో అన్న. బస్తీల అందరి ముందట అన్న."

కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పేదేమంటే, మన దగ్గరికి ఫిర్యాదుతో వచ్చే మనిషి సాధారణంగా అబద్ధం చెప్పదు. ఒక మాట మాత్రం మింగేస్తుంది. సిగ్గుతోనో, బాధతోనో. ఆ మాట బయటికి వచ్చేదాకా ఫోన్ ముట్టుకోకండి. ఇంకొకటి, ఒంటి మీద లేని యూనిఫాంను గొంతుకు తొడగకండి. అది కొద్దిసేపు పనిచేసినట్టే ఉంటుంది.

అందరు తండ్రులూ కేశవ్‌లు కారు, అది కూడా చెప్పాలి. దెబ్బలున్న చోట, పిల్లకు ప్రాణభయం ఉన్న చోట మేం ఒక గంట కూడా ఆగలేదు. ఆ రోజే కోర్టుకు వెళ్లిన కేసులున్నాయి. ఏది ఏ రకమో తేల్చుకోవడమే మన పని. ఆ రోజు నేను తేల్చుకోలేదు.

లింగంపల్లిలో మోమో బండి

తరువాత ఐదు నెలలు ఏమీ తెలియలేదు. ఉత్తరాలు రాశాం. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పంపింది. పాల్పా అంటే జిల్లా పేరు. ఊరి పేరు నర్సమ్మకు నోరు తిరగలేదు, గుర్తూ లేదు.

దారి దొరికింది నావల్ల కాదు. నర్సమ్మ తన ఆఫీసు భవనంలో కనిపించిన ప్రతి నేపాలీ వాచ్‌మన్‌నూ, క్యాంటీన్ మనిషినీ అడుగుతూ పోయింది. భాష సరిగా రాదు. ఫోన్‌లో ఉన్న కేశవ్ పెళ్లి ఫోటో చూపించి, "పాల్పా, పాల్పా" అనేది. ఐదో నెల చివర్లో ఒకతను, లింగంపల్లి స్టేషన్ రోడ్డులో మోమో బండి పెట్టే తిలక్‌ది అటు వైపే అని చెప్పాడు.

ఇద్దరం కలిసి వెళ్లాం. తిలక్ నన్ను ఎగాదిగా చూశాడు. ఫోటో చూడగానే ముఖం మారింది.

"తెలుసు. మా పక్క ఊరే. కానీ నేను నంబర్ ఇయ్య మేడమ్. పోలీసు ఫోన్ వచ్చిందని వాడు శానా పరేషాన్ అయిండు. పిల్లను తీసుకొని చిన్నమ్మ ఇంట్ల దాక్కున్నడు కొన్ని దినాలు."

"ఆ ఫోన్ చేసింది నేనే" అన్నాను.

గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నర్సమ్మ ముందుకు వచ్చింది. "నంబరు ఒద్దు నాయనా. నా మాట ఒక్కటి పంపు. వాడు ఇంటే ఇంటడు, లేకుంటే లేదు."

పోలీసులు రారని మాట ఇస్తేనే పంపుతానన్నాడు. నేను పక్కకు వెళ్లి యాదగిరి గారికి ఫోన్ చేశాను. "ఇయ్యండి మేడమ్. కేసే లేనప్పుడు పోలీసులెక్కడికెల్లి వస్తరు" అన్నారు.

తిలక్ ఫోన్‌లోనే నర్సమ్మ మాట రికార్డు చేశాం. ఏం చెప్పాలో నేను ముందే అనుకుని ఉంచాను: పాపను చూడాలని ఉంది, తిరిగి రా, అందరం కూర్చుని మాట్లాడుకుందాం. ఆమె అవేవీ చెప్పలేదు.

"కేశవ్, నేను అత్తను. పిల్లకు తలకు పోసేటప్పుడు కుడి చెవిల దూది పెట్టు. నీళ్లు పోనియ్యకు. చలికి ఆ చెవి మల్ల కారుతది. నేను అన్నది తప్పు. సుజాతను నువ్వు భుజం మీద ఏసుకొని దవాఖానకు ఉరికినవ్, నేను చూసిన. చూసి కూడ అన్న."

తిలక్ భార్య మాయ బండి వెనక ఉల్లిపాయలు తరుగుతోంది. పని ఆపి నర్సమ్మకు స్టూలు వేసింది.

ఎనిమిది రోజులకు వీడియో కాల్ వచ్చింది. కేశవ్ చిక్కిపోయి ఉన్నాడు. వెనక మట్టి అరుగు, ఒక ముసలామె, ఆమె పైట చాటున అంజలి. నర్సమ్మ "బిడ్డా, అంజమ్మా, మంచిగున్నవా? అన్నం తిన్నవా?" అని అడుగుతూ కళ్లు తుడుచుకుంది. పాప ఆమెను చూసి, తండ్రి వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో అడిగింది.

"ఏమంటున్నది?" అంది నర్సమ్మ.

కేశవ్ చూపు పక్కకు తిప్పుకున్నాడు. "ఆమె ఎందుకు ఏడుస్తున్నది అని అడుగుతున్నది అత్తా."

నడిచి దాటిన గేటు

ఫోన్ పెట్టేసి నర్సమ్మ, "పోత మేడమ్" అంది. నాగర్‌కర్నూల్, హైదరాబాద్ తప్ప ఇంకో ఊరు చూడని మనిషి. మాయ దసరాకు తన పిల్లల దగ్గరికి వెళుతోంది. ఆమె వెంట వెళ్లడానికి కుదిరింది. నేనూ వస్తానన్నాను. యాదగిరి గారు ఒప్పుకోలేదు. "మీరు పోతే పోలీసులొచ్చినట్టే అయితది. అవ్వ పోతే అవ్వ వచ్చినట్టయితది" అన్నారు.

నేను ఒక కాగితం సిద్ధం చేశాను. పాప హైదరాబాద్‌లో అమ్మమ్మ దగ్గర చదువుకోవాలి, తండ్రి ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు అని హిందీలో టైపు చేయించాను. సంతకాలకు చోటు వదిలాను. నేపాల్ వెళ్లడానికి మనవాళ్లకు పాస్‌పోర్టు అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు; నర్సమ్మ ఆ కార్డుతో పాటు ఈ కాగితాన్నీ రవికలో పెట్టుకుంది.

పదకొండు రోజుల తరువాత తిరిగి వచ్చింది. ఒక్కతే వచ్చింది. బెంచీ మీద ఆమె పక్కన పాప లేకపోవడం చూసి నాకు కోపమే వచ్చింది. అంత కష్టపడింది ఇందుకా అనిపించింది.

లోపలికి పిలిచాను. "ముందు కూర్చో. జరిగింది చెప్పు" అన్నాను.

"పెద్ద కమాన్ లెక్క గేటు ఉంటది మేడమ్, బార్డర్ కాడ, సునౌలీల. ఇటు మనోళ్లు, అటు వాళ్లు. మాయ, నేను నడుసుకుంట పోయినం. నన్నెవ్వలు ఏం అడగలే. కార్డు చేతిల పట్టుకొనే ఉన్న. అడుగుతలేరని నేనే ఒకాయనకు చూపిచ్చిన. పో పో అన్నడు. ఆడికెల్లి బస్సు. కొండల మీదికి బస్సు ఎక్కుతుంటే కండ్లు మూసుకున్న.

"ఆ ముసలామె, కేశవ్ తల్లి, కాళ్లకు వేన్నీళ్లు తెచ్చి పెట్టింది. మాట రాదు ఇద్దరికి. చెయ్యి పట్టుకొని పిల్లను చూపిచ్చింది, చెవి చూపిచ్చింది. కొండ కింద బుట్వల్ టౌన్ల దవాఖానకు తోల్కపోయిన్రంట. చెవి ఎండింది మేడమ్. నేను రెండేండ్లు తిప్పిన, ఎండలే.

"పిల్ల రెండు దినాలు నా దగ్గరికి రాలే. దూరంకెల్లి చూస్తుండె. నేనేమనలే. మూడోనాడు దువ్వెన పట్టుకొచ్చి నా ముందట కూసున్నది. జడ ఏస్తుంటే, 'అవ్వా, గట్టిగ గుంజకు' అన్నది. తెలుగుల అన్నది."

ఇక్కడ ఆమె ఆగింది. నేను మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపాను.

"మరి ఎందుకు వదిలి వచ్చావు నర్సమ్మా?"

"ఈడ దానికేమున్నది మేడమ్? నేను చీకట్లనే డ్యూటీకి పోత. వాడు మల్ల మెస్సుల చేరుతడు. తలుపుకు గొళ్లెం పెట్టి లోపల కూసుంటుండె పిల్ల. ఆడ ఇంటినిండ మనుషులున్నరు. ఆరుగురు పిల్లలు కలిసి బడికి దిగుతరు. నేను కిందికెల్లి చూసిన. అది ముందట ఉరుకుతున్నది."

రవికలోంచి నా కాగితం తీసి ఇచ్చింది. నేను వదిలిన చోట సంతకాలు లేవు. వెనక వైపు నేపాలీలో చేతిరాత. అక్కడి స్కూలు మాస్టారు రాశాడట; హిందీ లిపే కనుక, నర్సమ్మ చెబుతుంటే కూడబలుక్కుని చదివాను. పిల్ల వాళ్ల దగ్గర చదువుతుంది. పరీక్షలయ్యాక చైత్రంలో వచ్చే సెలవులన్నీ హైదరాబాద్‌లో అవ్వ దగ్గర గడుపుతుంది. వారానికి ఒకసారి ఫోన్‌లో తెలుగులోనే మాట్లాడాలి. కింద కేశవ్ సంతకం, ఇద్దరు అవ్వల వేలిముద్రలు.

యాదగిరి గారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "కోర్టుల చెల్లదు మేడమ్. కానీ నడుస్తది" అన్నారు.

నడిచింది. కరోనా వచ్చిన రెండేళ్లు తప్ప ప్రతి ఏడూ నడిచింది. మొదటిసారి కేశవ్ పాపను తీసుకుని సికింద్రాబాద్‌లో దిగినప్పుడు నేనూ వెళ్లాను. ఆ రోజు ఫోన్‌లో అలా మాట్లాడినందుకు క్షమించమని అడిగాను. అతను కంగారుపడ్డాడు. "నేను కూడ తప్పు చేసిన మేడమ్. చెప్పులు కొంటా అని అబద్ధం చెప్పిన" అన్నాడు. స్టేషన్ గోడ పక్కన, జనం మధ్యలో, ఇద్దరం ఒకరికొకరు తప్పు ఒప్పుకున్నాం. అంజలి మామిడిపండు కావాలని అవ్వను లాక్కుపోయింది. తెలుగు కొంచెం రాగం తీస్తూ మాట్లాడేది. ఇప్పుడు పద్నాలుగేళ్లు. రెండు భాషల్లో ఇద్దరు అవ్వలతో పోట్లాడుతుంది.

నా ఉద్యోగంలో దేని గురించి గర్వపడతావని అడిగితే ఆ చెల్లని కాగితం పేరే చెబుతాను. అందులో నేను రాసిన పక్క ఎవరికీ పనికిరాలేదు. అయినా గర్వంగానే ఉంటుంది.

విశ్వనాథం గారు

నేను రిటైరయ్యే ఏడాది విశ్వనాథం గారని ఒకాయన వచ్చారు. విద్యుత్ శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. నల్లగండ్లలో ఇరవై రెండో అంతస్తులో ఫ్లాటు. కొడుకు, కోడలు విడిపోయారు. కోడలు కోర్టు అనుమతితోనే మనవడిని తీసుకుని కెనడా వెళ్లింది. ఆయన చేతిలో ఇంత లావు ఫైలు. కోడలికి రాసిన మెయిళ్లు అన్నీ ప్రింటు తీసి తెచ్చారు. ఒక్కదానికీ జవాబు లేదు.

"నాకు హక్కు లేదాండీ? తాతను కదా. వాడు పుట్టిన దగ్గర్నుంచి నా చేతుల మీదే పెరిగాడండి" అన్నారు.

మెయిళ్లు చదివాను. అన్నిట్లోనూ హక్కు, అన్యాయం, లాయరు. ఏం చెప్పాలో నాకు తెలుసు. నేను చెబితే ఆయనకు ఎక్కదని కూడా తెలుసు. నర్సమ్మకు ఫోన్ చేశాను. అప్పటికి ఆమె తన భవనంలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు. మర్నాడు సాయంత్రం వచ్చింది.

మొదట ఆయనకు అర్థం కాలేదు, ఈమెను ఎందుకు పిలిచానో. నర్సమ్మ తన కథ చెప్పింది. తాను అల్లుణ్ని అన్న మాటతో సహా, ఏదీ దాచకుండా చెప్పింది. తరువాత అడిగింది.

"మీ మనుమడు ఆడ ఏం తింటుండో ఎర్కేనా సార్?"

"తెలీదమ్మా."

"వాడి దోస్తు పేరు?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

"గవి అడుగుతూ రాయుండ్రి సార్. మీ కోడలి బాగోగులు కూడ అడుగుండ్రి. ఆమె ఒక్కతే ఆడ పిల్లగాన్ని సాకుతున్నది కదా."

విశ్వనాథం గారు ఫైలు మూసి ఒళ్లో పెట్టుకున్నారు. ఆ సాయంత్రం ఆ గదిలో కౌన్సెలర్ నేను కాదు. అది చూస్తూ కూర్చోవడం నాకు చాలా బాగుంది.

లేవబోతూ ఆయన అడిగారు. "అంత దూరం వెళ్లి, పాప దగ్గరకొచ్చాక, ఎలా వదిలి వచ్చావమ్మా?"

నేనెప్పుడూ అడగని ప్రశ్న అది. కారణం అడిగాను, కాగితం చదివాను. ఇది అడగలేదు.

నర్సమ్మ కొంగు సర్దుకుంది. "బస్సెక్కి వచ్చిన సార్. కిటికీల నుంచి నవ్వుకుంట చెయ్యి ఊపిన. నేను ఏడిస్తే అది బెదురుకుంటది. బస్సు మలుపు తిరిగినంక మొదలు పెట్టిన. గోరఖ్‌పూర్ల రైలెక్కేదాంక ఏడుస్తనే ఉన్న. మాయ నీళ్లు తాగిపిచ్చుకుంట వచ్చింది."